గుమ్మడిపేట పంచాయతీ యుద్ధ తీర్మానం

నర్సీపట్నం బస్టాండులో ఆటో ఎక్కితే పావుగంటలో గుమ్మడిపేట. జీడితోటలు, కాస్త చెరకు, రోడ్డు పక్కన రెండు టీ కొట్లు, అంతే ఊరు. ఆ బుధవారం మధ్యాహ్నం దాకా ఆ ఊరు ఏ దేశం జోలికీ పోయిన పాపాన పోలేదు. ఆ మధ్యాహ్నం మాత్రం పంచాయతీ ఆఫీసులో ఇద్దరు బావలు సముద్రం అవతలి దీవి భవిష్యత్తు తేల్చడానికి కండువాలు వేసుకుని కూర్చున్నారు. వాళ్ళలో సూర్యప్రకాష్ సత్యలక్ష్మి మొగుడు. గోవింద్ ఆవిడ తోడబుట్టిన అన్న. సత్యలక్ష్మి ఆ ఊరి సర్పంచ్.

సర్పంచ్ అంటే కాగితం మీద సర్పంచ్. సీటు ఆడవాళ్ళకు రిజర్వయిన ఏడాది సూర్యప్రకాష్ పెళ్ళాం చేత నామినేషన్ వేయించాడు. గెలిచింది ఆవిడ, దండలు పడింది ఆయన మెడలో. అప్పట్నించీ సర్పంచ్ కుర్చీలో ఆయన కూర్చుంటాడు, పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఆవిడ కూర్చుంటుంది. ఊరు ఆయన్ని ప్రెసిడెంటు గారంటుంది, ఆవిడని ప్రెసిడెంటు గారి భార్య అంటుంది. ఆడవాళ్ళు గెలిచిన వార్డులు ఆరుంటే, ఐదింటిలో ఇదే తంతు. భార్యలు ముందు వరసలో పైట చెంగుతో విసురుకుంటూ కూర్చుంటారు, భర్తలు వెనక వరసలోంచి గొంతులు చించుకుంటారు. దీనికి సిగ్గుపడాలన్న సంగతి కూడా ఊరు మర్చిపోయి చాలా కాలమైంది.

ఆరో ఆవిడ సోమలమ్మ. కొయ్యూరు వైపు కొండల్నించి దిగివచ్చి ఊరి ఎగువన స్థిరపడ్డ కుటుంబాలది కొండపేట వార్డు. ఆవిడ ఆ వార్డు మెంబరు. మొగుడు పోయాడు గనక తన మాట తానే మాట్లాడుకుంటుంది. మాట్లాడినా ఎవరూ వినరన్నది వేరే సంగతి. ఆవిడ కొడుకు మత్స్యరాజు సిపాయి. ఇప్పుడు ఆ దీవిలోనే ఉన్నాడు.

కొండపేటలో బోరు మోటారు కాలిపోయి ఎండాకాలం మొదట్నించీ నీళ్ళు లేవు. ఆడవాళ్ళు కొండ కింది వాగులోకి, గెడ్డలోకి దిగి చెలమలు తవ్వి, బిందె నిండేదాకా గిన్నెతో తోడుకుని, ఎండలో ఎక్కి వస్తున్నారు. ఓ కడుపుతో ఉన్న పిల్ల మొన్న బిందెతో సహా జారి పడింది. అది సత్యలక్ష్మి కళ్ళారా చూసింది. మోటారు, పైపులు మార్చడానికి పంచాయతీ ఖాతాలో డబ్బుంది, కావలసినదల్లా ఒక తీర్మానం. రేపట్నించి ఎన్నికల కోడ్. ఇవాళ తీర్మానం కాకపోతే ఓట్లు పడి, లెక్కపెట్టి, కొత్తవాళ్ళు ప్రమాణాలు చేసేదాకా కొండపేటకు గెడ్డే గతి. అందుకే సత్యలక్ష్మి వారం నుంచీ మొగుడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరి, ఈ సమావేశం పెట్టించింది. ఆ మోటారు మీద ఆవిడ పంతం పట్టింది.

మొగుడు సరేనన్నాడు. ఎందుకన్నాడో ఇవాళ తెలిసింది.

ముందు వాళ్ళ పార్టీ సంగతి చెప్పాలి. ధర్మం, సంప్రదాయం, క్రమశిక్షణ అనకుండా నోరు విప్పని పార్టీ. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు. గుర్తులుండవు గానీ మిగతా రోగాలన్నీ ఉంటాయి. బావలిద్దరూ ఆ పార్టీలోనే పుట్టి పెరిగినట్టు మాట్లాడతారు. ఒకే పంక్తిలో కూర్చుని, ఒకే నాయకుడికి దండం పెట్టి, ఒకే ఫ్లెక్సీలో పళ్ళికిలించిన వాళ్ళు. వాళ్ళ మధ్య చిచ్చు పెట్టింది ఆ దీవి.

కొన్నాళ్ళ కిందటి దాకా దాని పేరు గుమ్మడిపేటలో ఒక్కరికీ తెలియదు. అక్కడేదో తిరుగుబాటు లేస్తే, అక్కడి ప్రభుత్వం సాయం అడిగితే, మన సైన్యం వెళ్ళింది. ఇదిగో వచ్చేస్తాం, అదిగో వచ్చేస్తాం అన్నారు. ఎండలు ముదిరినా రాలేదు. ఇక్కడ డీజిల్ రేటు పెరిగింది. గ్యాస్ బండ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. ఓడలు కదలడం లేదని జీడిపిక్కల వ్యాపారులు మొహం చాటేశారు. ఎన్నికలు నెత్తి మీదికొచ్చాక పార్టీ నిలువునా రెండుగా చీలింది: గెలిచేదాకా అక్కడే ఉండాలనేవాళ్ళు ఒక వైపు, పరాయివాళ్ళ తగువు మనకెందుకనేవాళ్ళు ఒక వైపు.

సూర్యప్రకాష్‌ది మొదటి వర్గం. ఆయనకు నర్సీపట్నంలో ఎరువుల కొట్టుంది, డీజిల్‌తో పెద్దగా పని లేదు. జిల్లా నాయకుల్లో యుద్ధం కావాలనేవాళ్ళది పైచెయ్యిగా ఉందని విని ఆ వైపు చేరాడు. గోవింద్‌కు పంచాయతీలో పదవేమీ లేదు గానీ నాలుగు లారీలున్నాయి. డీజిల్ రేటు పెరిగిన రోజునే ఆయనకు శాంతి మీద భక్తి పుట్టింది. అంతకుముందు వారం, సైన్యం బయల్దేరినప్పుడు, సెంటర్లో అందరికంటే ఎక్కువ టపాసులు కాల్చింది ఆయనే. ఈ రెండు మహా సిద్ధాంతాల మధ్య ఊరు నలిగిపోతోంది.

పంచాయతీ సెక్రటరీ ధర్మతేజ, ఉద్యోగంలో కొత్తగా చేరినవాడు, గొంతు సవరించుకుని “మొదటి అంశం, కొండపేట మంచినీటి మోటారు...” అని మొదలుపెట్టాడో లేదో, సూర్యప్రకాష్ చెయ్యి ఎత్తాడు.

“ఆగవయ్యా. దేశం ముందు, నీళ్ళు తరవాత.”

జేబులోంచి నర్సీపట్నంలో టైపు కొట్టించిన కాగితం తీసి నిలబడ్డాడు. “శత్రువు పూర్తిగా నశించే వరకు మన వీర సైన్యం ఆ దీవిలోనే కొనసాగాలని గుమ్మడిపేట గ్రామ పంచాయతీ ఏకగ్రీవంగా తీర్మానిస్తున్నది,” అని చదివి, బల్ల మీద గుద్దాడు. గుమ్మడిపేట ఊ అంటే తప్ప ఓడలు కదలవన్నట్టుంది ఆయన వాలకం.

“ఏకగ్రీవమేటి బావా?” గోవింద్ లేచాడు. “నా పీక కూడా నీ పీకలో కలిపేసినావేటి? రాసుకో సెక్రటరీ. సైన్యం తక్షణం ఎనక్కి వచ్చీయాలని మా తీర్మానం.”

“ఎనక్కా! హనుమంతుడు సముద్రం దాటేడా లేదా?”

“దాటేడు. దాటి తిరిగొచ్చీసేడా లేదా? రాముడు లంక గెల్చి విభీషణుడి సేతిలో ఎట్టీసి బేగి అయోధ్యకి వచ్చీసేడు. అక్కడ కాపరం ఎట్టలేదు.”

“రావణుడు సచ్చేదాకా ఉన్నాడు కదేటి!”

“బలరాముడు అసలు కురుక్షేత్రానికే ఎల్లలేదు. తీర్థయాత్రలకి ఎల్లిపోనాడు.”

“అయితే నువ్వూ ఎల్లు కాశీ! లారీ ఉంది కదా!”

వెనక వరసలో భర్తలు రెండుగా చీలి కేకలేశారు. ఒకడు అంగద రాయబారం ఎత్తాడు, ఒకడు అభిమన్యుణ్ణి తెచ్చాడు. ఆ గదిలో రామాయణం గానీ భారతం గానీ ఒక్క పుట చదివిన మొహం లేదు. అందరిదీ టీవీలో చూసిన చదువే, అదీ ప్రకటనలొచ్చినప్పుడు లేచిపోయి చూసిన చదువు. వీళ్ళలో ఒకడికి ఇంట్లో కుక్కర్ మూత పెట్టడం రాదు, ఇంకొకడు కుక్క అరిస్తే పెళ్ళాన్ని లేపుతాడు. వీళ్ళకు సేనాపతుల వేషం.

“ఏవండీ,” అంది మెల్లగా, “నీళ్ళ సంగతి ముందు అయిపోనిస్తే...”

“నువ్వుండే. నీకు తెల్దు,” అన్నాడు మొగుడు.

“నువ్వూరుకో అమ్మా. ఇది దేశం ఇసయం,” అన్నాడు అన్న. ఆ మధ్యాహ్నమంతటిలో వాళ్ళిద్దరూ ఏకాభిప్రాయానికొచ్చింది ఆ ఒక్క మాట మీదే.

అంతలో సూర్యప్రకాష్ కన్ను సోమలమ్మ మీద పడింది. అప్పటిదాకా ఆవిడ అక్కడుందన్న స్పృహే లేదు ఆయనకు. “ఇదిగో, వీరమాత ఇక్కడే ఉంది! మన మత్స్యరాజు తల్లి! సోమలమ్మా, లేచి సెప్పు, నీ కొడుకు యుద్ధంలో ఎన్ను సూపించి పారిపోయే రకమా?”

“తల్లి కడుపు కోత నీకేటి తెలుసు బావా?” గోవింద్ అరిచాడు. “సోమలమ్మా, నువ్వు సెప్పు. నీ కొడుకు ఇంటికి వచ్చీయాలా లేదా?”

సోమలమ్మ లేచి నిలబడింది. ఆవిడ కూర్చుంటే చాలుననుకునేవాళ్ళే గానీ లేపినవాళ్ళు ఇన్నేళ్ళలో లేరు. ఒకసారి ఇటు, ఒకసారి అటు చూసింది.

“ఆదివారం ఫోను సేసినాడు బాబూ,” అంది. “‘అమ్మా, మోటారు బాగు సేసినారా, ఇంకా గెడ్డకే ఎల్తన్నావా’ అని అడిగినాడు. ఇంకేటీ అడగలేదు.”

ఆ మాటకైనా వాళ్ళకు బుద్ధి వస్తుందేమోనని సత్యలక్ష్మి ఆశపడింది. పిచ్చిది.

“విన్నారా!” అన్నాడు సూర్యప్రకాష్. “తూటాల మధ్య నిలబడి మోటారు గురించి అడిగేడు! అదీ ధైర్యమంటే!”

“విన్నారా!” అన్నాడు గోవింద్. “ఇంటి మీద బెంగెట్టేసుకున్నాడు కుర్రోడు!”

సోమలమ్మ కూర్చుంది. ఆవిడ మొహంలో కోపం కూడా లేదు. సంతలో రోజంతా కూర్చున్నా బేరం తగలనివాళ్ళ మొహం అది. సత్యలక్ష్మికి మొగుడి మీదా అన్న మీదా అసహ్యం పుట్టింది.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర మోటారు సైకిలు ఆగింది. దిగినవాడు లోకల్ చానెల్ విలేకరి, చేతిలో మైకు. దాన్ని కిటికీలోంచి ముందు చూసింది గోవింద్.

“ఈ అన్యాయానికి నిరసనగా మేం వాకౌట్ సేస్తన్నాం!” అని కండువా దులిపి బయటికి నడిచాడు. ఆయన వర్గం భర్తలూ, ఆయన వైపు ఇద్దరు మగ మెంబర్లూ వెంట నడిచారు.

సూర్యప్రకాష్ మైకు ముందుకు బావ ఒక్కడే వెళ్తుంటే చూస్తూ కూర్చునే మనిషి కాదు. “దేశద్రోహులున్న సభలో నేనూ కూర్చోను! సభ రద్దు!” అని అరిచి, కుర్చీ వెనక్కి తన్ని, తన వర్గం భర్తల్నీ తన వైపు ఇద్దరు మగ మెంబర్లనీ తీసుకుని ఆయనా పోయాడు. ఎదుటి పార్టీ మగ మెంబర్లిద్దరూ అసలు రానే లేదు. గేటు దగ్గర మైకు చుట్టూ తోపులాట మొదలైంది.

ముందు వరసలో ఇద్దరాడవాళ్ళు అలవాటు కొద్దీ లేచి భర్తల వెనక వెళ్ళిపోయారు. ధర్మతేజ రిజిస్టరు మూసేశాడు.

“ఏటి మూసీసేవు?” అంది సత్యలక్ష్మి.

“అందరూ వెళ్ళిపోయారు కదా మేడం. కోరం లేదు.”

“అందరంటే ఎవరు? మెంబర్ల పేర్లు సదువు.”

ధర్మతేజ రిజిస్టరు తెరిచాడు. ఒక్కో పేరూ చదువుతూ, తలెత్తి ఎదురుగా ఉన్న మొహం చూస్తూ, వాడి కళ్ళు విచ్చుకుంటూ పోయాయి. భర్తలు వెళ్ళారు నిజమే. భర్తల పేర్లు మాత్రం ఆ పుస్తకంలో ఎక్కడా లేవు. సోమలమ్మ ఉంది. లావణ్య ఉంది. చిట్టితల్లి ఉంది. అచ్చియమ్మ ఉంది. సర్పంచ్ ఉంది.

“ఐదుగురు మేడం,” అన్నాడు గొంతు తగ్గించి. “మొత్తం పదమూడు మందిలో కోరానికి మూడో వంతు, అంటే ఐదుగురుండాలి. సరిగ్గా సరిపోయింది. ఒక్కరు లేచినా...”

వాడి మాట పూర్తి కాకుండానే కిటికీ ఊచల్లో బుజ్జిబాబు మొహం కనిపించింది. బుజ్జిబాబు అచ్చియమ్మ మొగుడు, గోవింద్‌కు కుడి భుజం. “ఒసే, ఏటలా కూకున్నావు? టీవీలో ఆడోళ్ళు కూడా కనబడాలంటన్నారు. రా బేగి!”

అచ్చియమ్మ లేచింది. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఆ గొంతుకు లేవకుండా ఉన్న రోజు లేదు పాపం. కూర్చోమని చెప్పే అధికారం సత్యలక్ష్మికి లేదు. బతిమాలితే వినే చుట్టరికమూ లేదు. ఆవిడ అటు అడుగేస్తే కొండపేట నోట్లో మట్టే.

అచ్చియమ్మ రెండడుగులు వేసి సోమలమ్మ కుర్చీ దగ్గర ఆగింది. సోమలమ్మ ఆవిణ్ణి ఆపలేదు, కాళ్ళు పక్కకు తీసి దారి ఇచ్చింది. ఆ దారి ఇవ్వడమే అచ్చియమ్మకు ఎక్కడో తగిలింది.

“మీరు యుద్ధం సూసుకోండి,” అంది కిటికీ వైపు తిరిగి. “నేను నీళ్ళ సంగతి సూసి వస్తాను.”

“ఏటీ?”

“సెవుడేటి? ఎల్లండి, టీవీవోడు ఎల్లిపోగల్డు.”

మైకు వెళ్ళిపోతుందన్న మాట బాగా పనిచేసింది. మొహం మాయమైంది. అచ్చియమ్మ తిరిగి వచ్చి కూర్చుంది. లావణ్య మొదట నవ్వింది, తరవాత చిట్టితల్లి, ఆ తరవాత నవ్వు ఆపుకోవడం ఎవరి వల్లా కాలేదు. సత్యలక్ష్మి లేచి, మొగుడు తన్నేసిన కుర్చీ సరిగ్గా వేసుకుని అందులో కూర్చుంది.

కొండపేటకు కొత్త మోటారు, పైపులు అని ధర్మతేజ చదివాడు. ఎవరైనా కాదంటారా అని సత్యలక్ష్మి అడిగింది. ఎవరూ కాదనలేదు. ఐదుగురూ సంతకాలు చేశారు. హనుమంతుడు రాలేదు, బలరాముడు రాలేదు. టీ చల్లారే లోపల పనైపోయింది.

బయట మాత్రం యుద్ధం రసపట్టులో ఉంది. విలేకరి ముందు సూర్యప్రకాష్ దీవిని ఆక్రమిస్తున్నాడు, గోవింద్ ఖాళీ చేయిస్తున్నాడు. ధర్మతేజ రిజిస్టరు చంకలో పెట్టుకుని వాళ్ళ పక్కనుంచి బండి తీస్తుంటే బుజ్జిబాబు అడ్డంపడి అడిగాడు, ఏమైందని. వాడు చెప్పాడు.

అప్పుడు జరిగింది చూడాలి. ఇంతసేపూ ఒకణ్ణొకడు ద్రోహి అనుకున్న బావలు మైకు వదిలేసి, ఒకరి భుజం ఒకరు రాసుకుంటూ లోపలికి పరిగెత్తుకొచ్చారు. దేశాధినేతలకు సాధ్యం కాని సంధి ఐదుగురాడవాళ్ళ సంతకాలతో చిటికెలో కుదిరింది.

“ఎవర్నడిగి సేసేరు? సభ రద్దు సేసేను కదా!” అన్నాడు సూర్యప్రకాష్.

“ఇది సెల్లదు! బావ రద్దు సేసిన సభ రద్దే!” అన్నాడు గోవింద్.

సత్యలక్ష్మి కుర్చీలోంచి లేవలేదు. వాకిట్లో నిలబడ్డ సెక్రటరీ వైపు చూసింది. ధర్మతేజ నేల చూపులు చూస్తూ, “రద్దు చేయాలంటే సర్పంచ్ గారు చేయాలి సార్,” అన్నాడు. “తమరు... సభ్యులు కాదు కదండీ.” అని బండెక్కి నర్సీపట్నం పోయాడు.

సాయంత్రం ఇంట్లో బావలిద్దరూ సోఫాలో పక్కపక్కన కూర్చున్నారు. టీవీలో వాళ్ళ వాకౌట్ వచ్చింది. అదే వీడియో కింద జనం రాసిన మాటలు గోవింద్ ఫోనులో చదివాడు. గ్యాస్ బండ అడిగినవాళ్ళు, జీడిపిక్కల రేటు అడిగినవాళ్ళు, బూతులు తిట్టినవాళ్ళు. యుద్ధాన్ని మెచ్చుకున్నవాడు లేడు, శాంతిని మెచ్చుకున్నవాడూ లేడు. ఇద్దరి మొహాలూ వాడిపోయాయి.

“బావా, ఓట్లయ్యేదాకా దీవి మాట ఎత్తకూడదు,” అన్నాడు గోవింద్.

“ఎత్తకూడదు,” అన్నాడు సూర్యప్రకాష్. “ఈసారి సర్పంచ్ సీటు జనరల్. నేను నిలబడతాను. కొండపేటకి మోటారు ఏయించింది మనమే అని సెప్పుకుందాం. సత్యా, రేపట్నించి బొట్టు సీసా పట్టుకుని ఇంటింటికీ తిరగాల నువ్వు.”

“నాకు రేపు పనుంది,” అంది సత్యలక్ష్మి. “నామినేషన్ కాగితాలకి ఎల్తన్నాను.”

“నా కాగితాలు నేనే తెచ్చుకుంటానులే.”

“మీకు కాదు. నాకు.”

సూర్యప్రకాష్ టీవీ కట్టేశాడు. ఆయన అరుస్తాడనుకుంది. ఆయన కంటే ముందు అన్న ముందుకు వంగి, చాలా గంభీరంగా, మండల స్థాయి నాయకుడి గొంతుతో అడిగాడు. “నిలబడితే నిలబడు గానీ అమ్మా, పార్టీలో ఏ వర్గం నీది? సైన్యం ఉండాలంటావా, రావాలంటావా? అది తేలకుండా ఓటడగలేవు.”

సత్యలక్ష్మి వాళ్ళిద్దర్నీ చూసింది. ఎదిగిన ఇద్దరు మగాళ్ళు, ఒకడితో కాపరం చేసింది, ఒకడితో కలిసి పెరిగింది. ఇంతకాలం వీళ్ళకు భయపడ్డానా అనుకుంటే తన మీద తనకే ఏవగింపు కలిగింది.

“మన బాబుకి ఇరవై ఏళ్ళు,” అంది మొగుడితో. “మీ పెద్దోడికి ఇరవై రెండు,” అంది అన్నతో. “ఇద్దరూ వైజాగులో బిర్యానీలు తింటా సదువుకుంటన్నారు. పంపుతారేటి ఆ దీవికి? మీరు పంపరు. నేనూ పంపను. తల్లినై నేను సెప్తన్నాను, సచ్చినా పంపను. నా కొడుకుని దాచుకున్నదాన్ని, సోమలమ్మ కొడుకు అక్కడుండాలో రావాలో తేల్చడానికి నేనెవర్ని? మీరెవరు?”

గోవింద్ చెప్పుల కోసం వెతుక్కున్నాడు. సూర్యప్రకాష్ నోరు తెరిచాడు. ఆ రోజు మొదటిసారి అందులోంచి రామాయణం రాలేదు, భారతం రాలేదు, ఏమీ రాలేదు. రిమోట్ అందుకుని టీవీ మళ్ళీ పెట్టుకున్నాడు.